గేజీ రీడింగు

పోయిన జూన్‌లో కాలువకి నీళ్ళొదిలిన మూడోనాడు
మా పెళ్ళి.
పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే
షట్టరుకి గ్రీజు పెట్టానా లేదా అని
నా మనసంతా లాకుల దగ్గరే.
కృపామణి కనిపెట్టేసింది.
ఆ సంగతి డిసెంబరులో చెప్పింది.

నేను లస్కర్ని.
పొద్దున్నే ఆరింటికి గేజీ చూసి
ఎన్నడుగుల నీళ్ళున్నాయో రిజిస్టర్లో రాస్తాను.
పడవలు తిరిగే రోజుల్లో మా నాన్న ఇక్కడే
ఎగువ నీరూ దిగువ నీరూ సమానమయ్యేదాకా
తలుపు తీసేవాడు కాదట.
ఇప్పుడు పడవల్లేవు.
గుర్రపుడెక్క వస్తుంది, కొబ్బరి డొక్కలొస్తాయి,
ఒక్కోసారి ఎవరిదో ఒంటి చెప్పు.

ముందుగా నేర్చుకున్నది ఇదీ:
నవ్వుతూ ఉంటే "నువ్వు",
కోపమొస్తే "మీరు".
"అన్నం తింటారాండీ" అందంటే
ఆ రాత్రికి చాప అరుగు మీద వేసుకోవడం మేలు.
ఇది తెలియడానికి రెండు నెలలు పట్టింది.
అంతవరకూ, ఎంత మర్యాదస్తురాలో అని
మా చెల్లికి ఫోన్ చేసి మురిసిపోయాను.

రోజంతా కొక్కెంతో లాగి గట్టున పోసే గుర్రపుడెక్కలోంచి
ఓ ఊదాపువ్వు తుంచి
గాజుసీసాలో పెట్టింది.
"అది కలుపే పిచ్చిదానా" అన్నాను.
"ఆ ముక్క దానికి నువ్వు చెప్పావా?"
మర్నాటి నుంచి
పువ్వులున్న వైపు ఆఖర్న లాగుతున్నాను.
ఏఈగారు చూస్తే ఏమంటారో.

రాత్రుళ్ళు జాకెట్లు కుడుతుంది.
మిషను చప్పుడుకి నిద్రపట్టడం లేదని
ఓసారి విసుక్కున్నాను.
వాళ్ళమ్మకి జ్వరమని పోడూరు వెళ్ళిన నాలుగు రాత్రులూ
కప్పలు అరిచాయి, లారీలు వెళ్ళాయి,
నేను కళ్ళు తెరుచుకుని ఫ్యాను చూశాను.
ఈ సంగతి ఆమెకింకా చెప్పలేదు.

నవంబరులో చీటీల సత్యవేణి లాకుల దాకా వచ్చి
వాయిదా సంగతి అడిగింది.
బండి కోసం ఎత్తానని ఒప్పుకున్నాను.
ఇరవై వేలన్నాను.
తొమ్మిది రోజులు మా ఇంట్లో
కత్తెరొక్కటే మాట్లాడింది.

ఏప్రిల్‌లో కాలువ కట్టేశారు.
నీళ్ళు దిగి, మడుగులయ్యి,
పిల్లలు మట్టగిడసల కోసం బురద కెలికి,
ఆ బురదా ఎండి పెంకులు లేచాక
ఓ సాయంత్రం ఇద్దరం కాలువలోకి దిగాం.
పగిలిన కుండ. సైకిల్ చైను. ఎవరి తాళమో, తాళంచెవి లేదు.
లాకు తలుపు కింద మట్టిలో సగం కూరుకుపోయి
మా అమ్మ ఇత్తడి చెంబు.
ఆగస్టులో ఎవరో ఎత్తుకుపోయారందే, అదే.

"జారిపోయింది" అంది.
కాసేపాగి,
"కాదు. విసిరేశాను.
ఆవేళ నువ్వు మా నాన్న తాగుడు గురించి
మీవాళ్ళ ముందు అన్నావు."
అన్నానా? అన్నాను.
అన్నట్టు నాకు గుర్తే లేదు.
ఎనిమిది నెలలు ఆ మాట
ఈ చెంబుతోపాటు ఇక్కడే ఉంది.

అప్పుడు చెప్పాను,
ఇరవై కాదు, నలభై రెండు వేలని.

కొట్టలేదు, ఏడవలేదు.
ఎండిన కాలువ అడుగున కూర్చుంది.
నేనూ కూర్చున్నాను, కాస్త ఎడంగా.
పన్నెండేళ్ళుగా పైనుంచి వంగి చూసే గేజీని
మొదటిసారి కిందనుంచి చూశాను:
ఏడడుగుల గీత మా తలలకి చాలా పైన ఉంది.
చీకటి పడేదాకా ఆమె వేళ్ళ మీద
జాకెట్లూ వాయిదాలూ లెక్కేస్తూనే ఉంది.
లేచేటప్పుడు, "చెంబు నువ్వు పట్టుకో,
నా చెయ్యి నొప్పి" అంది.
నువ్వు, అంది.

మొన్న మళ్ళీ నీళ్ళొదిలారు.
ఎర్రగా, నురగతో, నిరుటి ఆకుల్ని తోసుకుంటూ.
చెంబుకి ఓ పక్క సొట్ట. దానితోనే తాగుతున్నాం.
ఇంకా ఆరు వాయిదాలున్నాయి.

పొద్దున రీడింగు రాస్తుంటే
గుమ్మంలోంచి వినబడింది:
"టీ తాగుతారాండీ?"

కలం ఆపి
నిన్నటి నుంచి ఒక్కో మాటా వెనక్కి చూసుకుంటున్నాను.